షబ్నం కీళ్ల కోసం నలభై ఐదు రోజులు

తిరుమలగిరిలో ఆటో దిగేసరికి ఉదయం ఐదు ఇరవై. సన్నటి వాన. వెంట ఒక కిట్ బ్యాగు, రెండు జతల బూట్లు, ఒక భూతద్దం, అట్టలు ఊడిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. గేటు దగ్గర కాపలా మనిషి నా పేరు రాసుకుని వాకీటాకీలో చెప్పాడు.

"స్టేబుల్, గేటు. దఫేదార్ సాబ్ వచ్చిండు."

"పంపు. చాయ్ అయితుంది."

డెబ్బై ఒకటో ఏట వచ్చిన పోస్టింగ్ ఇది. సైన్యంలో ఇరవై రెండేళ్లు గుర్రాలతోనే బతికి, దఫేదారు హోదాలో దిగి, ఆ తర్వాత రాంగోపాల్‌పేట్‌లో ఇంటి పట్టున కూర్చున్నవాణ్ణి. గుర్రపు స్వారీ నేర్పే ఒక స్కూలు వాళ్లు పిలిచారు. పాత సూపర్‌వైజర్ మానేశాడు, కొత్తాయన వచ్చేదాకా నలభై ఐదు రోజులు పదకొండు గుర్రాలను చూడాలి. మా వీధిలో వాళ్లు నవ్వారు. ఈ వయసులో గుర్రాల చాకిరీ ఏమిటన్నారు. తమ మోకాళ్లకు ఏ మాత్ర వేసుకోవాలో టీవీలో ప్రకటన చూసి తేల్చుకునే మనుషులు నవ్వారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆరున్నరకు స్కూలు సెక్రటరీ ఆర్డర్లిచ్చాడు. ఆయన సైన్యంలోనే అధికారిగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. నన్ను మూడో నంబరు గదికి తీసుకెళ్లి ఒక ఆడ గుర్రాన్ని చూపించాడు. పేరు షబ్నం. పదిహేడేళ్లు. ముదురు గోధుమ రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. కొత్తగా నేర్చుకునే వాళ్లందరినీ మొదట దాని మీదే ఎక్కిస్తారు. ఒక్కణ్ణి కూడా పడేసింది లేదు. ఇప్పుడు వెనక కాళ్ల మడమ కీళ్లు అరిగాయి. దుడుకు నడకలో, అంటే ట్రాట్‌లో, ఎడమ కాలు కుంటుతోంది.

"ఆరు నెలల్ల మూడు రకాల కీళ్ల పౌడర్ వాడినం. ఒక్కటి పని చెయ్యలే," అన్నాడు సెక్రటరీ. "ఆషాఢం దాటితే పెండ్లిళ్లు షురూ. బారాత్ గుర్రాలాయన అడుగుతుండు. మీ ఆఖరి దినం డాక్టరమ్మ నడిపించి చూస్తది. కుంటకుంటే ఉంటది. కుంటితే ఇచ్చేస్తా."

బారాత్ అంటే ఏమిటో సికింద్రాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. తారు రోడ్డు మీద నాలుగు గంటలు. చెవుల పక్కన బ్యాండు, కాళ్ల కింద టపాకాయలు, వీపు మీద షేర్వాణీ తొడిగిన తొంభై కిలోల పెళ్లికొడుకు. ఆ కీళ్లతో షబ్నం రెండు ముహూర్తాల సీజన్లు దాటదు. నాకు తెలుసు, సెక్రటరీకీ తెలుసు.

మొదటి మూడు రోజులు డబ్బాలు చదివాను. నా చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు నేర్పింది బడి కాదు, సైన్యంలో పశువుల మందుల గది. పెట్టెల మీది కాగితాలు ఒక్కో మాటా నిఘంటువులో వెతుక్కుంటూ చదివాను. అందుకే లేబుల్ మీద ఎవడైనా బుకాయిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలమారలో మూడు పాత డబ్బాలున్నాయి. మొదటి దాని మీద దౌడు తీసే తెల్ల గుర్రం బొమ్మ. లోపల ఏముందో పన్నెండు పేర్లు, ఏది ఎంతో ఒక్క అంకె లేదు. రెండో దాని గడువు ఎప్పుడో దాటింది. మూడో దాని మీద గడువు తేదీ ఉండాల్సిన చోట కొత్త స్టిక్కర్ అంటించారు.

నాలుగో రోజు పదకొండు గంటలకు ఒక కంపెనీ మనిషి కొత్త డబ్బాతో వచ్చాడు. మెరిసే బూట్లు, బురద తగలకుండా మునివేళ్ల మీద నడక.

"ఫారిన్ ఫార్ములా అంకుల్. గ్లూకోసమైన్ ఉంది, కొండ్రాయిటిన్ ఉంది, అన్ని ఉన్నయి."

"ఒక చెంచాల ఏది ఎన్ని గ్రాములు?"

"అన్ని కలిపి ఉంటయి అంకుల్."

"నీ జీతం గూడ అన్ని కలిపి ఇస్తే తీసుకుంటవా? ఎంతనో అడగవా?"

అతను ఫోన్ వచ్చినట్టు పక్కకు వెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం డాక్టరమ్మతో కూర్చున్నాను. పశువుల డాక్టరు, ముప్పై ఏళ్లుంటాయి, గొప్పలు చెప్పే మనిషి కాదు. ఈ పొడులు అన్ని గుర్రాలకూ పని చేస్తాయని ఎవరూ రాసివ్వలేరంది. అరిగిన కీలు మళ్లీ పుట్టదంది. కొన్నింటికి బిగువు తగ్గుతుంది, అది తెలియాలంటే నెలైనా పడుతుంది, దానితో పాటు గిట్టల నాడాలు సరి చెయ్యాలి, రోజూ మెత్తటి నేల మీద నడిపించాలి. ఆమె చెప్పిన దుకాణం నుంచి తెప్పించిన డబ్బాలో ఒక్కో చెంచాకు ఏది ఎన్ని గ్రాములో విడివిడిగా ఉంది. బ్యాచ్ నంబరు, గడువు, తయారీదారు చిరునామా, మూత మీద చెక్కు చెదరని సీలు ఉన్నాయి. గుర్రం బొమ్మ లేదు. అదే కావాలన్నాను. ఎండు లూసర్న్ గడ్డి కలిపిన పొడి, ఆకుపచ్చగా ఉంది. మోతాదు రోజుకు రెండు చెంచాలు.

పదో రోజు. ఉదయం ఐదు నలభై. వాన లేదు. పదకొండో గదిలో నవాబ్ అనే ముసలి గుర్రం తల బయట పెట్టింది. దాని మూతి వెంట్రుకలకు ఆకుపచ్చ పొడి.

అది షబ్నం మందు.

ఆ స్టేబుల్లో సాయంత్రం నాలుగున్నరకు దానా వండుతారు. బార్లీ, తవుడు, అవిసెలు ఒకే పెద్ద దేగ్‌లో ఉడికించి, పారతో కలిపి, పదకొండు తొట్లలో పోస్తారు. మా దళంలోనూ ఇదే పద్ధతి. నేను ముప్పై గుర్రాలకు అలాగే వండించాను. అలవాటు చెయ్యి ముందు నడిచింది, బుర్ర వెనకబడింది. షబ్నం మందు రెండు చెంచాలు రోజూ ఆ దేగ్‌లో వేసింది మరెవరో కాదు, నేనే. పార పట్టి కలిపిందీ నేనే. పదకొండు గుర్రాలు పంచుకున్నాయి. ఆరు నెలల పాటు మూడు పౌడర్లకూ జరిగింది ఇదే. మంచిదో చెడ్డదో, ఏ మందునూ ఎవరూ పరీక్షించనే లేదు. కంపెనీ మనిషిని గ్రాముల కోసం నిలదీసిన పెద్దమనిషికి పదకొండుతో భాగహారం తట్టలేదు.

ముందు పాత సూపర్‌వైజర్ని తిట్టాను. తర్వాత పెద్ద సాయిస్ యాదగిరిని పిలిచాను. గుర్రాలను సాకే వాళ్లను సాయిస్‌లంటారు. యాదగిరి అక్కడ పందొమ్మిదేళ్లుగా ఉన్నాడు.

"ఇన్ని దినాలు దీనికి వేరేగ పెట్టాలని తోచలేదా?"

"తోచింది సాబ్. కాని ఒక్కదానికి పెట్టి పదింటికి చూపిస్తే ఎట్ల? అవి సుత నోరున్నయే గదా. మీరు సుత దేగ్‌లనే ఏస్తిరి, నేనేం జెప్పాలె?"

అతని మాటలో తప్పు లేదు. ఒక్క గుర్రానికి విడిగా తిండి పెడితే పక్కవి తలుపులు తన్నుతాయి, సగం గోడల మీదుగా మెడ చాచి దాని ముందు నుంచి లాక్కుంటాయి. అప్పుడు తోబ్రా గుర్తొచ్చింది. దళం దారిలో సాగుతున్నప్పుడు గుర్రం మూతికి కట్టే దానా సంచి. ఎవరి సంచి వాళ్లది, మూతి అందులోనే, పక్కవాడికి అందదు. ఒక్క షబ్నంకి కాదు, పదకొండింటికీ కడదాం, అన్నీ ఒకేసారి తింటాయి అన్నాను.

"గట్లయితే న్యాయం," అన్నాడు యాదగిరి.

రెజిమెంటల్ బజార్‌లో కాన్వాస్ కుట్టే ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు సిపాయిలు పరుపులు చుట్టుకునే హోల్డాల్స్ కుట్టేవారు. నేను కాగితం మీద కొలత గీస్తుంటే పెన్సిలు లాక్కున్నారు. "గాలి రంధ్రాలు మరిచినవ్ దఫేదార్. గుర్రాన్ని సంపుతవా?" అన్నారు. రెండు రోజుల్లో పదకొండు సంచులు, తోలు పట్టీలతో, నంబర్లు వేసి ఇచ్చారు.

సెక్రటరీకి అంతా చెప్పాను, నా తప్పుతో సహా. గడువు పన్నెండు రోజులు పెంచమని అడిగాను. పెంచలేదు. మిగిలింది ముప్పై మూడు రోజులు.

పన్నెండో రోజు సాయంత్రం నాలుగు యాభై. మొదటి తోబ్రా షబ్నంకి నేనే కట్టాను. దానా తింది, పొడి అడుగున వదిలేసింది. మర్నాడు బెల్లం నీళ్లతో తడిపి కలిపాను. సంచి అడుగు నాకింది. అప్పటి నుంచి నోటుబుక్కులో రోజూ ఒకటే వరస. ఐదు నలభైకి మెత్తటి నేల మీద ఇరవై నిమిషాల నడక. నాడాలు కొట్టేవాడు వెనక గిట్టల కొసలు తగ్గించి కొత్త నాడాలు వేశాడు. పద్దెనిమిదో రోజు: మార్పు లేదు. ఇరవై నాలుగో రోజు: మార్పు లేదు. ఇరవై తొమ్మిదో రోజు: మొదటి పది అడుగులే బిగువు, తర్వాత సాఫు. ఆ మాట కింద రెండు గీతలు గీశాను.

ముప్పై ఒకటో రోజు మధ్యాహ్నం వాకీటాకీ పలికింది.

"స్టేబుల్, గేటు. బారాత్ గుర్రాలాయన వచ్చిండు. చూసి పోతడంట."

వచ్చాడు. మర్యాదస్తుడే. షబ్నం పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు, తోబ్రా చూసి ఇదేందని అడిగాడు. చెప్పాను.

"నా గుర్రాలకు సుత పౌడర్ ఏస్త సాబ్. ఫాయిదా లేదు."

"ఎట్ల ఏస్తవ్?"

"అందరి దానాల కలిపి."

యాదగిరి అటు తిరిగి నవ్వాడు. నేను నవ్వలేదు, నాకా హక్కు లేదు. కుట్టే పెద్దాయన దుకాణం గుర్తులు చెప్పి పంపాను. వారం తర్వాత అక్కడికి వెళితే బారాత్ గుర్రాలకు ఏడు సంచులు కుడుతూ కనిపించారు.

నలభై ఐదో రోజు. ఉదయం ఏడు. రాత్రి కురిసిన వానకు గట్టి నేల తుడిచినట్టుంది. ఒక పక్క సెక్రటరీ, మరో పక్క డాక్టరమ్మ. యాదగిరి పగ్గం పట్టి షబ్నాన్ని దుడుకు నడకలో పరిగెత్తించాడు. నేను వీపు తిప్పి నిలబడ్డాను. కళ్లు ఆశపడతాయి, చెవులు ఆశపడవు. కుంటే గుర్రం నాడాల చప్పుడులో ఒక దెబ్బ బరువు, ఒక దెబ్బ తేలిక. ఆ రోజు రెండు దెబ్బలూ ఒకే బరువు. చివరి దాకా వెళ్లింది, తిరిగి వచ్చింది. అదే చప్పుడు. దాగిన నొప్పి ఉంటే బయటపడాలని డాక్టరమ్మ వెనక కాలు మడిచి ఒక నిమిషం పట్టుకుని, వదిలి, మళ్లీ పరిగెత్తించమంది. రెండడుగులు తడబడింది. మూడో అడుగు నుంచి అదే చప్పుడు.

"ఎడమది ఇంకా కొంచెం బిగువే," అంది డాక్టరమ్మ. "కానీ కుంటట్లేదు సార్. కొత్తవాళ్ల క్లాసులకు హాయిగా పనికొస్తుంది. మందు ఆపకండి."

సెక్రటరీ షబ్నం మెడ మీద ఒకసారి తట్టాడు. "ఉండనీ," అన్నాడు. ఆయన మాట తక్కువని ముందే చెప్పాను. ఆ మూడక్షరాలు నాకు పతకంతో సమానం. గెలిపించింది పొడా, నాడాలా, నడకా అని అడిగితే వంతులు వేసి చెప్పలేను. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆ గుర్రం మందు ఆ గుర్రం కడుపులోకే పోయింది.

మర్నాడు తెల్లవారి ఐదుకు సామాను సర్దుకుని చెప్పిపోదామని మూడో నంబరు గది దగ్గరికి వెళ్లాను. యాదగిరి అప్పటికే లోపల ఉన్నాడు, చేతిలో బ్రష్షు ఉంది, తోమడం లేదు. మడమ కీళ్లు నొప్పి పెట్టే గుర్రం పడుకోదు. పడుకుంటే లేవలేనని దానికి తెలుసు. నిలబడే కునుకు తీస్తుంది.

"రెండేండ్ల సంది ఇది పండుకోంగ జూడలే సాబ్," అన్నాడు మెల్లగా.

ఇంటికొచ్చి చాలా నెలలైంది. వీధిలో వాళ్లు ఇప్పుడు తమ డబ్బాలు పట్టుకొచ్చి నన్నే చదివి చెప్పమంటారు. చదువుతాను, తిడతాను. కానీ కళ్లు మూసుకుంటే కనిపించేది ఒక్కటే. బల్బు వెలుతురులో, రాత్రి పడుకుని తనంతట తాను లేచి నిలబడిన షబ్నం, దాని కుడి డొక్కంతా అంటుకున్న వరి ఊక, కింద పరిచిన ఊకలో దాని ఒళ్లంత గుంట.