ఆదివారం అరగంట

నంద్యాలలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుకు తన కరెంటు కారంటే ప్రాణం. మామూలు రోజుల్లో చార్జింగు ఎనభై శాతం దాటనిచ్చేవాడు కాదు. ఆదివారం మాత్రం నూరు దాకా ఎక్కించి, ఆ తర్వాత కూడా ప్లగ్గు తీయకుండా అరగంట పక్కనే కూర్చునేవాడు. ఎందుకని అడిగితే, "నూరు చూపిస్తే అయిపోయినట్టు కాదప్పా. లోపల యాదో ఒక సెల్లు ఎనకబడింటాది. అన్నీ సమానం కావల్ల" అన్నాడు.

ఒక ఆదివారం ఆళ్లగడ్డ నుంచి ఫోనొచ్చింది, ఆయన భార్య తల్లికి బాగాలేదని. ఆమె సంచి పట్టుకుని కారు దగ్గరికి పరుగున వచ్చింది. "ఇంకా సెల్లులు సమానమైతాండాయి. అరగంట ఆగు" అన్నాడాయన. అత్తకు అప్పుడప్పుడూ అట్లా అయ్యేదే అనుకున్నట్టున్నాడు. ఆమె మెట్టు మీద కూర్చుంది. వాళ్లు చేరేసరికి తల్లి పోయి పావుగంటయిందట.

ఆయన మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు.

మేం ఇల్లు ఖాళీ చేసే ముందు ఒక ఆదివారం, నూరు పడగానే ఆయన గబగబా ప్లగ్గు పీకబోయాడు. అదే మెట్టు మీద నుంచి ఆమె అంది:

"ఉండనీ, సమానం కానీ. ఇప్పుడు ఆడ నాకోసరం ఎదురుచూసేది ఎవురు?"

ఆయన చెయ్యి ప్లగ్గు మీదే ఉండిపోయింది.