కాగితమంత సందు

మా చిన్నాయన పోయాడని నిన్న పొద్దున తిరుత్తణి నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయాడట. పోనీలే, భయపడకుండా పోయాడు అనుకున్నాను. ఆ మాటకే ఏడుపొచ్చింది.

ఆయన ఆర్.కె.పేటలో వేరుశనగ నూనె మిల్లు ఫిట్టరు. ఎనభైలలో ఒకరోజు చొక్కా చెయ్యి గేర్లలో చిక్కి కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. అప్పటినుంచి బల్బు మార్చాలన్నా ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఒకసారి అలాగే తిరువళ్ళూరు బస్సెక్కేశాడు. ఇక చిన్నమ్మ నోటికి అడ్డులేదు. "యాడికి పోయినా కరెంటును ఎంటబెట్టుకొని పోతాడీయన!"

మిల్లువాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. గేటు దాకా వెళ్ళి, లోపలి గేర్ల చప్పుడు విని వెనక్కి వచ్చేశాడు. ఆ పని తప్ప ఇంకోటి రాదాయనకు. మా అందరికీ బెంగ పట్టుకుంది.

ఆ రోజుల్లోనే మా అన్న సింగపూరు నుంచి రిమోటుతో నడిచే బొమ్మ లారీ తెచ్చాడు. నాలుగు నాళ్ళకే అది కరకరమనసాగింది. మోటారు కాస్త పక్కకు జరగడంతో దాని చిన్న గేరు పెద్ద గేరు పళ్ళను కొరికేస్తోంది. చిన్నాయన ఆ చప్పుడుకు లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి తనే తిరిగొచ్చాడు.

"అట్ల అరస్తా ఉంటే గేరు చస్తాది. స్క్రూడ్రైవరు తే పాపా."

బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు. అయినా మధ్యమధ్య జేబు తడిమి చూసుకుంటున్నాడు. రిమోటు నా దగ్గరుంది. బ్యాటరీ ఆయన జేబులో ఉందని తెలిసి కూడా, నా వేలెక్కడ కదులుతుందోనని దాన్ని నేలమీద పెట్టేసి దూరంగా జరిగాను.

ఆయన పేపరు అంచు సన్నగా చింపి గేర్ల మధ్య పెట్టాడు. మోటారును దానికి ఆనించి, స్క్రూ బిగించి, కాగితం లాగేశాడు.

"గట్టిగా కరుచుకోకూడదు. వదులుగా ఉన్నా కొరికేస్తాది. కాయితమంత సందు ఉండల్ల, అంతే."

బ్యాటరీ పెట్టి, లారీని గోడ దగ్గర వదిలి, వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

"నొక్కు."

"నాకు భయంగా ఉండాది చిన్నాయనా."

"నాకూ భయమే. నొక్కు."

ఆ తర్వాత ఆయన మిల్లుకు వెళ్ళాడు. ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ అక్కడే పనిచేశాడు. భయం పోయిందని మాత్రం ఎన్నడూ అనలేదు.

నిన్నటినుంచి నా కళ్ళకు కట్టినట్టు కనబడుతున్నది ఒకటే. లారీ మెత్తగా మంచం వైపు వస్తోంది. చిన్నాయన రెండు కాళ్ళూ పైకి లాక్కుని, తల వంచి ఆ గేర్ల చప్పుడు వింటున్నాడు. వింటూ వింటూ, ఒక కాలు మెల్లగా నేలమీదికి దించాడు.