లంగరు లేని ఓడ ఎలా ఆగుతుంది

మొన్న సీతమ్మధారలో కంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా, మన వ్యోమనౌక చంద్రుడి కక్ష్యలోకి చేరిన ముచ్చట గోడమీది టీవీలో చూపిస్తున్నారు. అంత వేగంగా వెళ్ళింది అక్కడ ఎలా ఆగిందో అని పక్కనున్న అమ్మాయి తనలో తాను అనుకున్నట్టు అంది. ఏళ్ళనాటి అలవాటు కొద్దీ నేను గొంతు సవరించుకుని నోరు తెరిచేలోగా, ఆ పిల్ల ఫోన్ని అడగడం, అది గడగడా జవాబు చెప్పడం రెండూ అయిపోయాయి. తెరిచిన నోరు ఊరికే మూస్తే బాగుండదని ఒక ఆవలింత తీసి ఊరుకున్నాను.

నా ఈడు వాళ్ళకి చెబితే నమ్ముతారు గాని, ఒకప్పుడు ఈ సందేహాలన్నీ నడిచి నా దగ్గరికి వచ్చేవి. అప్పట్లో నేను గాజువాకలో ఒక వర్క్‌షాపులో ఫిట్టర్ని. పాత ఓడల సామాను అమ్మే కొట్లో దొరికిన రెండు కటకాలకి ప్లాస్టిక్ గొట్టం తొడిగి సొంతంగా ఒక టెలిస్కోపు తయారు చేసుకున్నాను. శనివారం డ్యూటీ దిగగానే దాన్ని భుజాన వేసుకుని, సిటీ బస్సెక్కి బీచ్ రోడ్డుకి చేరి, ఆకాశం గురించి ఏదైనా అడగండి అని సుద్దతో రాసిన పలక పక్కన పెట్టుకుని నిలబడేవాణ్ణి. రాకెట్లో వెళ్ళేవాళ్ళు ఒంటికీ రెంటికీ ఏం చేస్తారని మరమరాల బండి అతను వారం వారం అడిగేవాడు. చర్చిలో పాటల ప్రాక్టీసు ముగించుకుని వచ్చే టీచరమ్మ, అంత పైకి వెళ్ళినవాళ్ళకి ప్రార్థన చేసుకోవాలని అనిపించదా అని అడిగేది. అందరికీ చెప్పేవాణ్ణి, తెలిసినవి మామూలుగా, తెలియనివి కాస్త గొంతు పెంచి.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుండేది నా పరిస్థితి. మా నాన్న పోర్టులో టగ్గు మీద సరంగు, అంటే పెద్ద పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే చిన్న నౌకకి పెద్ద దిక్కు. నా టెలిస్కోపుని గొట్టం అనేవాడు తప్ప పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేను బయల్దేరుతుంటే అటు తిరిగి చుట్ట వెలిగించుకునేవాడు. ఊళ్ళో ఎంతమంది మెచ్చుకున్నా, ఆయన ఒక్కసారి వచ్చి చూస్తే చాలని నా మనసు పీకుతుండేది. రమ్మని అడగడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చేది.

ఒక శనివారం ఆయనంతట ఆయనే వచ్చాడు, డ్యూటీ ఖాకీ బట్టలతోనే. నా కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ పూట పొద్దు గుంకగానే సముద్రం మీద గురుగ్రహం లేస్తుందని, దాని చుట్టూ చందమామలు కూడా కనబడతాయని అందరికీ చెప్పి ఉంచాను. అన్నట్టే నీళ్ళ అంచున పచ్చటి వెలుగొకటి కనబడింది. గొట్టం అటు తిప్పి, సరిగా చూసీ చూడకుండానే ఉపన్యాసం అందుకున్నాను. జనం వరసకట్టి చూశారు. మరమరాల అతనైతే పక్కన మూడు చందమామలున్నాయని లెక్కపెట్టి మరీ చెప్పాడు. చివర్న నాన్న వంగి, చాలాసేపు చూసి, మెల్లగా తలెత్తాడు.

"ఒరే, ఇది గురుడు కాదురా, బొగ్గోడ. మొన్నట్నుంచి లంగరేసుకుని రేవులో బెర్తు కోసం సూస్తంది. రేపొద్దున్న నానే దీన్ని లోపలికి లాగాల. గ్రహమైతే ఈపాటికి పైకి లేవద్దేటి?"

బీచ్ అంతా నవ్వింది. మరమరాల అతను అందరికంటే గట్టిగా నవ్వాడు. భూమి చీలితే బాగుండునని సిగ్గుతో నిలబడ్డాను. నాన్న ఇక వెళ్ళిపోతాడు, మళ్ళీ ఈ వైపు రాడు అనుకున్నాను. ఆయన వెళ్ళలేదు. నవ్వులు ఆగేదాకా ఆగి, ఆ ఓడ మాట వదిలెయ్యమని, అందరి ముందూ నన్నే అడిగాడు.

"అదొగ్గీ. సంద్రుడి కాడికి ఓడెల్లిందంటావు కదా, అదెలాగ ఆగతాది? నీల్లు నేవు, లంగరు నేదు, టగ్గు నేదు."

ఇంకో రోజైతే ఏదో ఒకటి దంచి ఉండేవాణ్ణి. ఆ పూట నోట అబద్ధం రాలేదు. తెలియదు నాన్నా, కనుక్కుని వచ్చే శనివారం చెబుతానన్నాను. ఆ పలక పక్కన నేను తెలియదని అనడం అదే మొదటిసారి. ఆయన సరేనని తలూపాడు.

ఆ వారమంతా డ్యూటీ దిగితే లైబ్రరీయే. నాకొచ్చిన ముక్కలు ముక్కలు ఇంగ్లీషుతో కుస్తీ పట్టి, బొమ్మలు గీసుకుని శనివారానికి సిద్ధమయ్యాను. నాన్న షిఫ్టు మార్చుకుని మరీ వచ్చాడు. నౌకని వెనక్కి తిప్పి, వెళ్ళే దిక్కుకే ఇంజను మండిస్తే వేగం తగ్గుతుందని, సరిగ్గా తగ్గితే చంద్రుడే దాన్ని పట్టి తన చుట్టూ తిప్పుకుంటాడని, తక్కువ మండిస్తే దాటిపోతుందని, మరీ ఎక్కువైతే కూలిపోతుందని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంతే గదరా! మా పనీ అదే. ఎదురు నెట్టాల, అదునెరిగి నెట్టాల," అంటూ జనం వైపు తిరిగి, రెండు చేతులూ రెండు ఓడలు చేసి ఆయనే పాఠం మొదలెట్టాడు. నా కంటే ఆయనకే ఎక్కువమంది చెవులప్పగించారు. నాకు అసూయ వేయలేదు, కడుపు నిండిపోయింది. రిటైరయ్యేదాకా వీలైనప్పుడల్లా వస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు నాన్న లేడు, పలకా లేదు. జనం అడగడం మానలేదు, మనిషిని అడగడం మానేశారంతే. జవాబు వెంటనే దొరకడం మంచిదే, నేనూ మనవరాలి ఫోన్లో అడుగుతుంటాను, సిగ్గుపడను. కాని ఆయన పోయాక అమ్మ ఒక మాట చెప్పింది. ఆ వారం రోజులూ నాన్న రేవునుంచి రాగానే, చెప్పులైనా విడవకుండా, ఆడికి దొరికిందా అని నా గురించే వాకబు చేసేవాడట. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన నా మాట కోసం ఎదురుచూసింది ఆ వారమే. ఆ సాయంత్రం నాకు తెలుసని అనేసి ఉంటే, ఆ ఏడు రోజులు నాకు దక్కేవి కావు.