బిల్డరా, బఫరా? కుడి కన్నా, ఎడమ కన్నా?

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకు లోకంలోని ప్రశ్నలన్నింటికీ ఒక్క ముక్కలో జవాబు ఉంటుందని గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, కొత్తగా చేతికొచ్చిన డిగ్రీ, జగదల్‌పూర్‌లో సైకిళ్ళ దుకాణం పైన మూడు కుర్చీల సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మొదటి ఉద్యోగం. ఒక కుర్చీ యజమానిది, ఆయన దాదాపు రారు. రెండోది మా సీనియర్‌ది. ఒక కాలు పొట్టిగా ఉన్న మూడోది నాది. ఆ కుర్చీ నాకు దక్కింది ఒకే ఒక్క జవాబు వల్ల. జావాలో మాట వెనక మాట చేర్చుకుంటూ పొడుగాటి వాక్యం తయారుచెయ్యాలంటే స్ట్రింగ్‌బిల్డర్ అని ఒకటి, స్ట్రింగ్‌బఫర్ అని ఒకటి ఉన్నాయి. రెండూ చేసే పని ఒకటే. కాకపోతే బఫర్ పని చేసేటప్పుడు లోపల గడియ పెట్టుకుంటుంది. ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరు బయట ఆగాల్సిందే. బిల్డర్‌కు గడియ లేదు, అందుకని అది చురుకు. ఇంతే సంగతి. దీన్ని నేను ఇంటర్వ్యూలో ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను, వాళ్ళు కుర్చీ చూపించారు.

చేరిన కొన్నాళ్ళకే తోంగ్‌పాల్‌లోని ఒక బడిలో కంటి శుక్లాల శిబిరం పెడుతున్నామనీ, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి ప్రోగ్రాం కావాలనీ ఒక సేవాసంస్థ వాళ్ళు వచ్చారు. రెండు కౌంటర్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, జాబితా మాత్రం ఒక్కటే. మనిషికో వరుస: పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఏ కన్ను. మా సీనియర్‌ను అందరూ తేజ్ భయ్యా అనేవారు (ఏదైనా తేజ్‌గా, అంటే చకచకా, జరగాలి ఆయనకు, చాయ్ కూడా అలాగే తాగి రోజూ నాలుక కాల్చుకునేవాడు). బిల్డర్ వాడమని ఆయన చెప్పకముందే నేను వాడేశాను. అంతటితో ఆగకుండా, ఒక్కో గడి నింపి ఎంటర్ కొట్టగానే ఆ ముక్క అప్పటికప్పుడు జాబితాలో చేరిపోయేలా రాశాను. దాంతో తేజ్ భయ్యా నా భుజం తట్టాడు.

ఒప్పుకోనిది మా నాన్న ఒక్కరే. కిరండూల్ రైలు లైన్లో వ్యాగన్లు తగిలించే పనిలో జీవితమంతా గడిపిన మనిషి, పుట్టింది బొబ్బిలి దగ్గర. ఆ సాయంత్రం క్వార్టర్స్‌లో నేను అమ్మకు నా గొప్ప చెప్పుకుంటుంటే విని, “ఏటమ్మా, బఫర్ ఉన్నదాన్ని వొదిలీసి లేనిదాన్ని తెచ్చుకున్నారా?” అన్నారు. వ్యాగన్ల మధ్య దెబ్బ కాచే ఆ బఫర్ వేరు, ఈ బఫర్ వేరు అని భోజనం అయ్యేదాకా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, ఏ బఫరైనా ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడ్డానికే కదా అని మజ్జిగ అడిగారు. నాన్న అమాయకత్వానికి నేనెంత జాలి పడ్డానో చెప్పలేను. ఆ జాలితోనే మర్నాడు రెండింటి వేగమూ కొలిచాను. పది లక్షలసార్లు తిప్పితే గానీ తేడా కంటికి ఆనలేదు. (శిబిరానికి పది లక్షల మంది రారన్న సంగతి నాకు తట్టనే లేదు.) పరీక్ష కోసం మా బంధువులందరి పేర్లూ ఎక్కించి చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఎందుకుంటుంది, టైపు చేసింది నేనొక్కదాన్నే కదా.

శిబిరం రోజు ఉదయానికే బడి వరండా నిండిపోయింది. సుక్మా వైపు నుంచీ, ఇంకా కింద నుంచీ జీపుల్లో దిగారు జనం. తెలుగు వాళ్ళు నా కౌంటర్‌కు, హిందీ, హల్బీ మాట్లాడేవాళ్ళు శిబిరం నర్సు పెద్ద సిస్టరమ్మ కౌంటర్‌కు. ఆవిడా మాలాగే రైల్వే ఇంటి మనిషే, వాళ్ళ వాళ్ళది విజయనగరం. మెడలో చిన్న శిలువ, నోట్లో నాలుగు భాషలు. ఆవిడ మందులు సర్దుకుని వచ్చేసరికి అరగంట పట్టింది, ఆ అరగంటా నా ప్రోగ్రాం బంగారంలా నడిచింది. ఆవిడ వచ్చి రెండో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాక, జాబితా చూసి పిలుపులు మొదలయ్యాయి. బారెడు మీసాలున్న ఫారెస్ట్ గార్డును, వెనక బెంచీ మీది ముసలాయన భార్యగా పిలిచారు. గార్డు లేచి నిలబడి, ముసలాయన వైపు ఒకసారి చూసి, మళ్ళీ కూర్చున్నాడు. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. సిస్టరమ్మకు టైపింగ్ కొత్త కదా అని మనసులో సర్దిచెప్పుకున్నాను కూడా.

కాసేపటికి ఒక ముసలావిడ గోడ పట్టుకుని నా దగ్గరకు నడిచొచ్చింది. ఉసూర్ అవతలి తర్రెం వాళ్ళ ఊరు, తోంగ్‌పాల్‌లో కూతురింటికి వచ్చి ఉంటోంది. పొద్దున్న పేరు రాసింది నేనే. ఆపరేషన్ చెయ్యాల్సిన కంటికి పైన, నుదుటి మీద, చిన్న ప్లాస్టర్ ముక్క అంటిస్తారు. అవ్వకు ఎడమ వైపు అంటించి ఉంది.

“ఏంది బిడ్డా, పొర వచ్చింది కుడి కంటికి గద. ఈ కన్ను మసకగనన్న కనబడుతది. కనబడే కన్ను కోస్తరా?” అంది. కోపంగా అనలేదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

జాబితా తీసి చూస్తే అవ్వ పేరు, అవ్వ ఊరు, పక్కన ఇంకెవరిదో ఎడమ కన్ను. నేను అవ్వ ఊరు కొట్టి కుడి కన్ను కొట్టేలోపు, సిస్టరమ్మ రాస్తున్న మనిషి కన్ను మధ్యలో దూరిపోయింది. ఇద్దరం ఒకేసారి వచ్చాం, గడియ లేదు. పరుగెత్తుకెళ్ళి పిలుపులు ఆపించి, బిల్డర్ తీసేసి బఫర్ పెట్టాను. మనసులో నాన్నకు క్షమాపణ చెప్పుకున్నాను. గడియ పెట్టాను, ఇక బాగైపోయిందని సిస్టరమ్మకు ధైర్యం చెప్పి, ఇద్దరం చెరో మనిషి పేరూ ఎక్కించాం. మళ్ళీ కలిసిపోయాయి. అచ్చం అలాగే.

నేను ఏడుపు మొహం పెట్టాను. సిస్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని, గడియ పెట్టావు కదా, ఎంతసేపు ఉంటుంది ఆ గడియ అని అడిగింది. ఒక్కో మాట చేరేంతసేపే, ఆ తర్వాత తెరుచుకుంటుందని చెప్పాను.

“మరింకేటి, మాటకీ మాటకీ మజ్జిలో ఎవులైనా దూరీగలరు. నాను వార్డులో ఒక మనిసి కాయితం పూర్తిగా రాసీదాకా ట్రేలో ఎయ్యను. నువ్వేమో ముక్కలు ముక్కలుగా ఏస్తన్నావు.”

జావా పేరు కూడా విననావిడ చెప్పిన ఆ మాటే నా పుస్తకాల్లోనూ ఉంది. నేనే బిల్డర్‌కూ బఫర్‌కూ తేడా చెప్పే పేజీ దాటి చదవలేదు. ఎవరి కౌంటర్‌కు వాళ్ళ సొంత బిల్డర్ పెట్టాను. అందులో మనిషి వివరాలన్నీ పూర్తయ్యాకే వరుస మొత్తం ఒక్కసారిగా జాబితాలో చేరేలా, గడియ అక్కడ మాత్రమే పడేలా మార్చాను. అంటే తేజ్ భయ్యా మాటా నిలిచింది, నాన్న మాటా నిలిచింది. పడిపోయింది నా పాండిత్యమే.

కానీ అప్పటికే రాసిన వాళ్ళ సంగతో? దానికి కంప్యూటర్ పనికిరాదు. కాగితం, పెన్నూ పట్టుకుని వరండాలో ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఏ కన్ను అని అడగాలి. సగం మందికి నా హిందీ అర్థం కాలేదు, వాళ్ళ గోండీ నాకు రాదు. తర్రెం అవ్వ నా చెయ్యి పట్టుకుని, పద బిడ్డా అని తానే ముందు నడిచింది. సరిగ్గా కనబడని మనిషి, ప్రతి ఒక్కరి ముందూ చతికిలబడి, వాళ్ళ రెప్పల మీద వేలు పెట్టి గోండీలో అడిగి, నాకు తెలుగులో చెప్పేది. ఒకాయన మధ్యలో తన ఎద్దు సంగతి ఎత్తుకుంటే అదీ తర్జుమా చేసింది. తిరిగి అంటించిన ప్లాస్టర్లు ఐదు. డాక్టరుగారికి జరిగిందంతా నేనే వెళ్ళి చెప్పాను. దీపం వేసి తన కళ్ళతో చూడకుండా ఎవరి కన్నూ ముట్టుకోనని ఆయన అన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపు, అలసిపోయిన రోజున మనిషి కాగితాన్నే నమ్ముతాడమ్మా అని కూడా అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు కట్లు విప్పుతున్నారంటే వెళ్ళాను. అవ్వ బడి మెట్ల మీద కూర్చుని ఉంది. కట్టు తీశాక చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. తర్వాత నేను పలకరిస్తే తలెత్తి, నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

“నువ్వేనా బిడ్డా? నిన్న ఆ గొంతు విని పెద్ద ఆఫీసరమ్మ అనుకున్న. పాలపళ్ళన్న ఊడినయో లేదో.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చి, ఇరవై రెండు నిండాయి అవ్వా, ఇంజనీర్‌ని అన్నాను. నిండినయ్ బిడ్డా, నిండినయ్ అంటూ నా చెంప నిమిరింది. ఆ వేళ బస్సులో జగదల్‌పూర్ దాకా ఆ మాటకు అలిగి కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత, కిటికీ పక్కన మూతి ముడుచుకున్న ఆ పిల్ల నా కళ్ళ ముందుకొస్తే, పక్క సీట్లో కూర్చుని కాస్త జరగమ్మా అనాలనిపిస్తుంది. ఏమీ చెప్పను. ఆ దారంతా దానితో పాటు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను, అంతే.