మా గానుగ పాక ఆస్ట్రియా అయిన రోజు

నిన్న సాయంత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ టీవీ ముందు కూర్చున్నాను. ఎక్కడో రెండు పెద్ద దేశాల మధ్య ఇరుక్కుపోయిన ఒక చిన్న దేశం గురించి నలుగురు పెద్దమనుషులు, ఒకరి మాట ఒకరు వినకుండా, మహా జోరుగా చర్చించుకుంటున్నారు. అందులో ఒక కళ్లజోడాయన, "దీనికింత రభస ఎందుకండీ, అప్పట్లో ఆస్ట్రియా ఉన్నట్టు ఎటూ చేరకుండా తటస్థంగా ఉండిపోతే సరి" అని తేల్చి పారేశాడు. చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. ఆస్ట్రియా పేరు వింటే గుండె కలుక్కుమనే మనిషి అనకాపల్లి మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ దేశాన్ని అట్లాసులో చూపించమంటే కాసేపు తడుముకుంటాను. నా మటుకు నాకు అది బుచ్చయ్యపేట దాటాక, మా అమ్మమ్మగారి ఊళ్లో, చెరకు తోటల మధ్య ఒక గానుగ పాకలో ఉంది.

నేను ఆ ఊరు చేరడానికి కారణం లెక్కలు. పదో తరగతిలో లెక్కలు తప్పాను. ఒకటి రెండు మార్కుల్లో పోతే ఎవరికైనా చెప్పుకోవచ్చు, నేను చెప్పుకోవడానికి వీల్లేనంత బాగా తప్పాను. నాన్నది బదిలీల ఉద్యోగం. అందుకని ఆ ఏడాదికి నన్ను అమ్మమ్మగారింట్లో దింపేశారు. మావయ్య, అంటే అమ్మకు తమ్ముడు, అనకాపల్లి హైస్కూల్లో మాస్టారు. అత్తతో అక్కడే కాపురం. శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చి ఆదివారమంతా నాకు లెక్కలు చెప్పాలని ఏర్పాటు. చిక్కేమిటంటే ఆయన స్కూల్లో చెప్పేది సోషలు. లెక్కల పుస్తకం తెరిచిన పది నిమిషాలకు ఏదో ఒక వంకతో యూరప్ చేరిపోయేవాడు. రెండు రైళ్లు ఎదురెదురుగా బయల్దేరే లెక్క వస్తే ఆ రైళ్ల నిండా సైనికులే. ఆ ఏడాది చివర నేను ఎలా గట్టెక్కానో దేవుడికే తెలియాలి గానీ, యూరప్ మాత్రం బాగా వచ్చింది.

ఆ ఇంట్లో నా లోకమంతా పిన్ని. అమ్మ తోబుట్టువుల్లో ఆఖరిది, నాకంటే మూడేళ్లే పెద్ద. పిన్నీ అని పిలిస్తే మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది. ఒకే మంచం మీద పడుకునేవాళ్లం, ఒకే దువ్వెన కోసం కొట్లాడుకునేవాళ్లం. పిన్నికి ఒక విద్య ఉంది. గానుగ పాకలో బెల్లం పాకం దించే అదును పొయ్యి దగ్గరున్న మనిషి కంటే ముందే, ఇంటి గుమ్మంలో నిలబడి వాసన పట్టి చెప్పేసేది. "నాన్నా, అయిపోనాది, దించీమను" అని అక్కణ్ణుంచే కేకేసేది. ముప్పై ఏళ్లు పొయ్యి ముందు ఎండిపోయిన పనివాడి కంటే తాతయ్యకు ఆ ముక్కు మీదే ఎక్కువ నమ్మకం. ఇప్పటికీ బజారులో కొత్తబెల్లం దిమ్మలు దించుతుంటే ఒక్క క్షణం ఆగి వాసన చూస్తాను. నాకేమీ తెలియదు. పిన్ని పక్కన ఉంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

ఊళ్లో రెండు వీధులు, తూర్పు వీధి, పడమర వీధి. రెంటికీ ఇద్దరు పెద్ద రైతులు. వాళ్లిద్దరికీ పడదు. ఎందుకు పడదో వాళ్లకే సరిగ్గా గుర్తులేదు, అయినా పడేది కాదు. వాళ్ల మధ్యన, రోడ్డు వార, తాతయ్య ఇల్లూ, ఇంటి ముందు గానుగ పాకా. మాకున్న చెరకు చారెడు. కానీ ఊళ్లో అందరి చెరకూ ఆడేది మా గానుగలోనే, వండేది మా పెనం మీదే. చెరకు నరికాక ఆలస్యమైతే రసం పులుస్తుంది, బెల్లం గడ్డకట్టదు. అందుచేత వంతు ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నదే ఆ నాలుగు నెలలూ ఊరికి ప్రాణం. ఒక ఏడు పడమర వీధివాళ్ల చెరకు రెండు రోజులు ఎండలో ఉండిపోయింది. తాతయ్య తూర్పువాళ్లతో కుమ్మక్కయ్యాడని పుకారు పుట్టింది. మర్నాడు పొద్దున్నే పడమర వీధి మనుషులు ఇద్దరు 'సాయానికని' వచ్చి పాకలో మంచం వేసుకున్నారు. అది చూసి మధ్యాహ్నానికల్లా తూర్పు వీధివాళ్లు ముగ్గుర్ని దింపారు. సాయానికి వచ్చినవాళ్లు రెండు సీజన్లు కదల్లేదు.

నేను వెళ్లేసరికి అదీ పరిస్థితి. తాతయ్య తన పొయ్యిలోకి తను పిప్పి ఎగదోయాలంటే అటొకణ్ణి, ఇటొకణ్ణి అడగాలి. ఒకడు సరేనంటే రెండోవాడు వద్దనేవాడు. తూర్పు పెద్దాయన తాతయ్యను బావా అని, పడమర పెద్దాయన మావా అని నోరారా పిలిచేవారు. పిలుస్తూనే పాకలో మనుషుల్ని పెంచేవారు. తాతయ్య అన్నం సగంలో లేచిపోవడం నేను చాలాసార్లు చూశాను. అరవై ఏళ్ల మనిషి, తన ఇంటి ముందు తను బిక్కుబిక్కుమంటూ తిరిగేవాడు. అది చూసి పిన్ని చాటుకు వెళ్లి కళ్లు తుడుచుకునేది.

ఒక ఆదివారం మావయ్య నా లెక్కలు మానేసి ముగ్గుపిండి డబ్బా అందుకున్నాడు. వాకిట్లో పెద్ద వృత్తం గీసి నాలుగు ముక్కలు చేశాడు. యుద్ధం అయిపోయాక ఆస్ట్రియాను అమెరికా, రష్యా, ఇంగ్లండు, ఫ్రాన్సు ఇలాగే పంచుకు కూర్చున్నాయిట. రాజధానిని కూడా నాలుగు ముక్కలు చేశారట. నడిబొడ్డున మాత్రం నలుగురిదీ పెత్తనం. అక్కడ గస్తీ తిరిగే జీపులో నాలుగు దేశాల సైనికులూ పక్కపక్కనే కూర్చునేవారట, ఒకరంటే ఒకరికి నమ్మకం లేక. అలా పదేళ్లు. చివరికి ఆ దేశం పెద్దలు మాస్కో వెళ్లి, మేం ఎవరి జట్టులోనూ చేరం, ఎవరి సైన్యాన్నీ మా గడ్డ మీద ఉండనివ్వం, పక్కనున్న జర్మనీతో కూడా కలిసిపోం అని మాటిచ్చారట. నలుగురూ సంతకాలు పెట్టి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారట. మధ్యలో మన దేశం కూడా వాళ్ల తరఫున ఒక మాట వేసిందని చెప్పేటప్పుడు మావయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తను బళ్లో చదువుకునే రోజుల్లో ఈ కబురు లైబ్రరీలో పేపరు మీద పడి చదివాడట. "ఒక్క తూటా పేల్లేదే! ఒట్టి మాట మీద ఖాళీ చేసేరు!" అన్నాడు. పిన్ని వచ్చి, డబ్బాడు పిండి తగలేశావని తిట్టి, ఆస్ట్రియా మొత్తాన్ని చీపురుతో ఊడ్చేసింది.

పిన్ని సంగతి ఒకటి నాకు మాత్రమే తెలుసు. తూర్పు పెద్దాయన రెండో కొడుకు అనకాపల్లి కాలేజీలో డిగ్రీ చదివి వచ్చి వ్యవసాయం చూసుకుంటున్నాడు. వాళ్ల వంతు వచ్చిన రోజు, పాకలో కుండ నిండా నీళ్లుండగా, వాకిలి దాటి మా గుమ్మంలోకి వచ్చి మంచినీళ్లడిగేవాడు. "ఈ తూర్పోల్ల గుంటడికి దాహం మెండే" అనేది అమ్మమ్మ, పాపం ఏమీ ఎరగక. నీళ్ల బదులు పిన్ని మజ్జిగ ఇచ్చేది. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువే. కానీ సంక్రాంతి వెళ్లాక ఒకరోజు పిన్ని నా జడ అల్లుతూ అల్లుతూ ఆపేసి, "ఒలే, సీజనయ్యాక ఆల మామని మనింటికి పంపుతాడట, సంబంధం అడగడానికి" అంది. ఆ జడ ఆరోజు మూడుసార్లు అల్లింది. అంత సంతోషంగా ఉన్న పిన్నిని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఇక మావయ్య ఊరుకుంటాడా. నాలుగు ఆదివారాలు రెండు వీధుల మధ్యా కాళ్లరిగేలా తిరిగాడు. రెండు పక్కలా బెల్లం పాడై, మనుషుల్ని కూర్చోబెట్టి మేపలేక, పెద్దాయనలిద్దరికీ అప్పటికే విసుగొచ్చేసింది. పడమరాయనకు ఒకటే భయం, మేము తూర్పు వీధితో వియ్యమందితే వంతులన్నీ అటు పోతాయని. తూర్పాయనకూ అదే భయం, ఇటువైపు నుంచి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మావయ్యే కనిపెట్టాడు. కనిపెట్టినందుకు చాలా పొంగిపోయాడు.

ఒప్పందం మా వాకిట్లోనే, మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఆడవాళ్లం వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. పిన్ని చేతిలో మజ్జిగ గ్లాసుల పళ్లెం ఉంది. మావయ్య గొంతు సవరించుకుని కాగితం చదివాడు. మొదటి షరతు, రెండు వీధుల మనుషులూ ఈ పూటే పాక ఖాళీ చెయ్యాలి. రెండోది, ఇకమీదట వంతులకు చీటీలు వెయ్యాలి, తీసేది మా అమ్మమ్మ. మూడోది, మా ఇంటి పిల్లను ఏ వీధికీ ఇవ్వం, ఏ వీధి పిల్లనూ మా ఇంటికి తెచ్చుకోం, ఎప్పటికీ. మావయ్యకు అప్పటికే పెళ్లయింది. ఆ షరతు తగిలే మనిషి ఆ ఇంట్లో ఒక్కర్తే.

"అదీ మాటంటే!" అన్నాడు పడమర పెద్దాయన తొడ మీద చరుచుకుని. "ఈ ముక్క కోసరమే కదా మావా, రెండేళ్లు నా మనుసుల్ని కూకోబెట్టేను!" తూర్పు పెద్దాయన కూడా నవ్వేశాడు. "పిల్లలకి లోకం గొడ్డుపోనేదు బావా, రాసీ" అన్నాడు. ఆయన రెండో కొడుకు ఆ రోజు బెల్లం బండితో అనకాపల్లి మార్కెట్టుకు వెళ్లాడు.

నేను పిన్ని వైపు చూశాను. నోరు తెరవబోయాను కూడా. పిన్ని నాకేసి చూసి, తల అటూ ఇటూ కొంచెంగా, చాలా కొంచెంగా ఊపింది. తర్వాత పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వెళ్లి అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు. సంతకాలయ్యాయి. మావయ్య అరుగెక్కి కాగితం పైకెత్తి ఊరందరికీ చూపించాడు. ఆస్ట్రియాలో కూడా ఒక మంత్రి మేడ మీంచి అలాగే చూపించాడట. పాకలోంచి మంచాలు లేచాయి. తాతయ్య ఒక్కడే లోపలికి వెళ్లి, ఎవర్నీ అడక్కుండా, రెండు చేతులతో పిప్పి ఎత్తి పొయ్యిలో వేశాడు. మంట లేచింది. ఆయన దాని ముందు గొంతుకూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత సంతోషం ఆ ఇంట్లో మళ్లీ చూస్తాననుకోలేదు. అందుకే ఆ రోజును తిట్టుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.

పొద్దువాలాక నూతి దగ్గర పిన్ని గ్లాసులు కడుగుతోంది. ఎందుకు చెప్పనివ్వలేదని నిలదీశాను. "నాను నోరిప్పితే రేపు మళ్లీ ఆ మంచాలన్నీ పాకలోకి వత్తాయి. నాన్న మళ్లీ ఆళ్లని అడిగి పొయ్యెలిగించుకోవాల. నాను సూడలేనే" అంది. గ్లాసులు ఆరే ఆరు. చాలాసేపు కడిగింది.

మరుసటి ఏడు పిన్నిని మాకవరపాలెం ఇచ్చారు. బాబాయి బంగారం లాంటి మనిషి, పిన్నిని పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. పుట్టింటికి వచ్చినా గానుగ ఆడే రోజుల్లో మాత్రం వచ్చేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. పాకం దించే అదునుకు తాతయ్య ఇంటి గుమ్మం వైపు చూడటం మాత్రం మానుకోలేకపోయాడు. తూర్పు వీధి రెండోవాడూ పెళ్లి చేసుకున్నాడు. మావయ్య క్లాసు తర్వాత క్లాసుకి ఆస్ట్రియా పాఠం చెబుతూ, చివర్లో మా పాక కథ కూడా కలిపి చెప్పేవాడట.

పాతికేళ్ల తర్వాత ఆ రెండు వీధులూ వియ్యమందాయి. రెండోవాడి కొడుకూ, పడమర పెద్దాయన మనవరాలూ విశాఖపట్నంలో కలిసి చదువుకుని ఇష్టపడ్డారు. పెద్దవాళ్లు మారుమాట లేకుండా చేసేశారు. అప్పటికి గానుగ పాక మూతపడి చాలా కాలమైంది. పెళ్లి భోజనాల్లో మావయ్య నా పక్కన కూర్చుని, "సూసేవా, ప్రచ్ఛన్నయుద్ధం అయిపోనాది" అని మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదుటి బంతిలో పిన్ని తలవంచుకుని అన్నం కలుపుతోంది. ఉండబట్టలేక, పాతికేళ్లు దాచిన మాట మావయ్య చెవిలో చెప్పేశాను. ఆయన చేతిలో ముద్ద విస్తట్లో పడింది. తూర్పు వీధి రెండోవాడు వడ్డన చూస్తూ మా బంతి దాకా వచ్చి, మావయ్యను ఏమన్నా కావాలా అని అడిగాడు. మావయ్య విస్తరి మడిచేశాడు.

వారం తిరక్కుండా నన్ను వెంటబెట్టుకుని మాకవరపాలెం వెళ్లాడు. బాబాయి పొలంలో ఉన్నాడు. పిన్ని టీ ఇచ్చింది. మావయ్య వానల గురించి అడిగాడు, గేదె ఎన్ని లీటర్లిస్తోందని అడిగాడు, అడిగిందే మళ్లీ అడిగాడు. చివరికి గ్లాసు కింద పెట్టి, "ఆ మూడో షరతు రాసింది నానేనమ్మా. నాకు తెలీదు" అన్నాడు.

పిన్ని ఆ గ్లాసు తీసి పళ్లెంలో పెట్టింది. తర్వాత, "అన్నియ్యా, ఆ దేశమోల్లు ఎల్లి మాటిచ్చేరన్నావు కదా. ఆల్ల మాట ఆల్లే ఇచ్చేరా?" అని అడిగింది.

"ఆల్లే ఇచ్చేరు."

"ఐతే బాగుంది" అంది పిన్ని. "నాను కూడా ఇచ్చీదాన్ని అన్నియ్యా. నాన్న కోసరం తప్పకుండా ఇచ్చీదాన్ని. నన్నడిగితే బాగున్ను."

మావయ్య పోయి పదేళ్లయింది. మాకవరపాలెం వెళ్లొచ్చాక, ఆయన బతికున్నన్నాళ్లూ, ఆయన నోట ఆస్ట్రియా పేరు నేను వినలేదు. పిన్నికి డెబ్బై వచ్చాయి, నాకు దగ్గర పడుతున్నాయి. ఆ మధ్యాహ్నం నుంచి ఇప్పటిదాకా యాభై ఏళ్లు ఎలా గడిచాయంటే ఏదో ఒకటి చెప్పగలను గానీ, పిన్ని తల ఊపిన ఆ ఒక్క నిమిషం, నేనొక మాట అనే లోపల, అంత తొందరగా ఎలా గడిచిపోయిందో ఎంత తలుచుకున్నా చెప్పలేను.