అమ్మ తీసుకున్న పొట్టేలు

మొన్న మనవరాలిని వెంటబెట్టుకుని పక్క ఊరి జాతరకు వెళ్ళినప్పుడు, గొర్రెల్ని కట్టేసే చోటికి ముందే ఒక రేకు పలక పాతి ఉంటే ఆగి, కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్కో అక్షరాన్నీ పక్కదానితో కలుపుకుంటూ చదివాను. జబ్బుపడిన జీవాన్ని ముట్టుకోవద్దనీ, చచ్చినదాన్ని కోయవద్దనీ, తినవద్దనీ, చేతులు సబ్బుతో కడుక్కోవాలనీ రాసి ఉంది. నాకు చదువు యాభై దాటాక వచ్చింది గనక చాలాసేపే పట్టింది. వెనకనుంచి జనం తోసుకుపోతున్నారు, మనవరాలు చెయ్యి లాగుతోంది, నేనేమో చదవడం అయిపోయాక కూడా అక్కడే నిలబడిపోయాను. ఆ నాలుగు మాటలు ఎవరిచేతా నమ్మించలేక ఒకప్పుడు నేనేం చేయవలసి వచ్చిందో నా ఈడువాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది.

డెబ్బైల చివరి మాట. మా అత్తగారి ఊరు కార్వేటినగరానికి ఆవల, కొండవార. కొంచెం చెనిక్కాయల చేను, ఒక గొర్రెల మంద, అదే మా బతుకు. ఏటా గంగజాతరకు మందలోని మేలైన పొట్టేలును అమ్మ పేర విడిచి, మెడకు పసుపుగుడ్డ కట్టి, జాతర రోజు కోసి, మొదటి పంక్తి బయటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకే పెట్టేవాళ్ళు. పుత్తూరు వైపునుంచీ, అరవనాడు సరిహద్దునుంచీ బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇంటివాళ్ళది కడపటి పంక్తి. దానికితోడు ఒక నమ్మకం. విడిచిన పొట్టేలు కత్తి పడకముందే తనంతట తాను ప్రాణం వదిలితే, చచ్చిందని అనకూడదు, అమ్మ తీసుకుందని అనాలి. ఆ మాంసం ప్రసాదంతో సమానమని, జాతరకు వచ్చిన ఒక్కరినీ వదలకుండా ముక్కముక్కా పంచాలి.

ఆ ఏడు జాతర చాటింపు వేసిన రోజుల్లోనే మందలో ఒక గొర్రె, సాయంత్రం దాకా మేత మేసినది, తెల్లారేసరికి కడుపుబ్బి పడి ఉంది. ముక్కునుంచి నల్లటి నెత్తురు కారి, గడ్డ కట్టకుండా అట్లాగే ఉంది. మాంసం బాగాలేదని పారేసి, తోలు మాత్రం ఎందుకు పోగొట్టుకోవాలని మా ఇంటాయన వలిచాడు. కొన్నాళ్ళకు ఆయన మణికట్టు మీద చీమ కుట్టినట్టు చిన్న పొక్కు లేచింది. అది పెద్దదై, నడుమ బొగ్గుముక్క అద్దినట్టు నల్లబడింది. చిత్రమేమిటంటే నొప్పి లేదు. ఆకుపసరు పూసి కట్టు కట్టారు. చెయ్యి భుజం దాకా ఉబ్బి, ఒళ్ళు కాలిపోతూ మాట తడబడేసరికి భయపడి, నేనూ మామా తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. మంచం దొరకగానే, డాక్టరు రాకముందే, మామ జాతర పనులున్నాయని మళ్ళీ ఊరికి వెళ్ళిపోయాడు.

అక్కడి డాక్టరు ఆ పుండు చూసీ చూడగానే అడిగిన మొదటి మాట, చచ్చిన గొర్రెను కోశాడా అని. దొమ్మ రోగమని, గొర్రెనుంచి మనిషికి వస్తుందని, ఆలస్యం చేశారు కాబట్టి బతికే నమ్మకం ఇప్పుడే చెప్పలేనని అన్నాడు. మందలో ఇంకొకటి పడితే కోయకుండా లోతుగా గుంత తీసి సున్నం పోసి పూడ్చమని, ముట్టినా తిన్నా ప్రమాదమేనని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. రాసుకోవడం రాని దాన్ని కాబట్టి, మంచం పక్కన కూర్చుని ఆ మాటల్నే మనసులో తిప్పుకుంటూ ఉండేదాన్ని.

జాతర రోజు మొదటి బస్సుకే మా మరిది వచ్చాడు. ముఖమంతా వెలుగు.

"వదినా, అన్నకింక భయం లేదు. మన పొట్టేలు తెల్లారేతలికి తానే పడిపోయిండాది. అమ్మే తీసుకునింది. నాయన పందిట్లో అందరికీ పంచుతాడంట, కొయ్యనుపోతాండారు."

ముక్కులో నెత్తురుందా అని అడిగితే, ఉంటే ఏమిలే అన్నాడు. డాక్టరు మాట చెబితే, అమ్మ తీసుకున్నదాంట్లో రోగమేముంటాది వదినా అని నవ్వాడు. అతను తిరిగి పోయినా ఆపడని తెలిసిపోయింది. డాక్టరు ఇంకా రాలేదు. మంచం మీద ఆయన కళ్ళు తెరవడం లేదు. పిలిస్తే పలకని మనిషిని వదిలి ఎట్లా పోను, పోకపోతే పందిట్లో కూర్చునే ఆ పిల్లాజెల్లా గతేమిటి. మరిదిని మంచం దగ్గర కూర్చోబెట్టి, ఆయన పాదాలు ఒకసారి పట్టుకుని బస్సెక్కాను. పుత్తూరులో బస్సు మారేటప్పుడు ఆలస్యమయ్యేకొద్దీ, అక్కడ కూర ఎంత ఉడికి ఉంటుందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

నేను చేరేసరికి పందిట్లో పంక్తి కూర్చుంది. విస్తళ్ళు వేశారు, సంగటి ముద్దలు పెట్టేశారు, కూర గంగాళం పొయ్యి దింపుతున్నారు. తల్లుల ఒళ్ళో పిల్లలు ఆకుల మీద చేతులు కొడుతున్నారు. నేను మామకు అడ్డంపడి డాక్టరు చెప్పినదంతా చెప్పాను.

"డాక్టరు అమ్మకన్నా పెద్దోడా మే?" అన్నాడు మామ. "పక్కకు తప్పుకో."

అత్త నా చెయ్యి పట్టి లాగింది. "అందరూ ఇంటాండారు. ఆడ వాడినట్ల ఇడిసిపెట్టి, ఈడ ఈ గలాటా ఏంది నీకు?"

పంక్తిలో ఒకాయన, "కోడలికి ముక్క మిగలదని బెంగ పట్టుకునిందప్పా" అన్నాడు. పందిరంతా నవ్వింది. గరిటె మొదటి ఆకు దగ్గరికి వచ్చింది.

మా వైపు చావు జరిగిన ఇంటి కూడు, కర్మాంతరం అయ్యేదాకా ఎవరూ ముట్టరు. అంటు తగిలిన అన్నం అమ్మ ప్రసాదం కాదు. ఆ సంగతి నాకు ఆలోచనగా వచ్చిందో, చేతులకే వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పందిరి గుంజకు రెండు చేతులూ కొట్టి గాజులు పగలగొట్టుకున్నాను.

"మీ కొడుకు పోయినాడు మామా" అన్నాను. "ఆ మాట నోట రాకనే ఇంతసేపూ ఏందేందో చెప్పినాను."

ఏ ఆడదీ అబద్ధానికి గాజులు పగలగొట్టుకోదు. అందుకే అందరూ నమ్మారు. అత్త నిలువునా కూలిపోయింది. గరిటె పట్టినతను దాన్ని గంగాళంలోనే వదిలేశాడు. పంక్తిలోని వాళ్ళు ఒక్కొక్కరే లేచి, పిల్లల్ని చంకనేసుకుని, ఆకలి ఆకలిగానే బండ్ల దగ్గరికి వెళ్ళిపోయారు. అంటు కూడు కుక్కలు కూడా తినకూడదని నేనే మొండికేసి, ఊరవతల లోతుగా గుంత తీయించి, మాంసం, తోలు, కూర అన్నీ అందులో వేయించి, జాతరకు గోడలకు పూయగా మిగిలిన సున్నం పైన పోయించాను. కోసినవాళ్ళను ఆసుపత్రికి రమ్మని బతిమాలితే, దుఃఖంలో మతి తప్పిందని జాలిపడ్డారు.

అత్తామామలతో మళ్ళీ తిరుపతి బస్సెక్కాను. వాళ్ళు ఏడుస్తున్నారు. అబద్ధమని అప్పుడే చెప్పేయవచ్చు. కానీ అది అబద్ధమో కాదో నాకే తెలియదు. ఆయన్ను వదిలి పొద్దున పోయిన దాన్ని, నోట వచ్చిన మాట ఈపాటికి నిజమైపోయి ఉంటే? ఆ బస్సులో నేను ఏ దేవుడికి మొక్కానో కూడా గుర్తులేదు. ఏ మొహం పెట్టుకుని మొక్కాలో తెలియలేదు.

ఆయన బతికే ఉన్నాడు. మరిది గ్లాసుతో జావ తాపుతున్నాడు. అత్త కొడుకు ముఖమంతా తడిమి, వెనక్కు తిరిగి నా బోసి చేతులు చూసింది. నాకూ మంచానికీ నడుమ వచ్చి నిలబడింది.

కొన్నాళ్ళకు పొట్టేలును కోసిన మా చిన్నమామకు వేలి మీద అదే నల్ల పొక్కు లేచింది. అతన్నీ ఆసుపత్రిలో చేర్చారు, బతికాడు. ఇప్పుడైనా నమ్ముతారనుకున్నాను. అమ్మ ప్రసాదాన్ని మట్టిలో పూడ్చినందుకే అమ్మకు కోపం వచ్చిందని ఊరు తేల్చింది. మా ఇంటాయన ఒక్కడే, ఇంటికి వచ్చాక నేను అన్నం వడ్డిస్తుంటే, "సచ్చినోడికి ఇంత కారమేసి పెడతారా మే" అని నవ్వాడు. గాజులు కూడా ఆయనే కొనుక్కొచ్చి తొడిగాడు. అయినా అత్త ఉన్నన్నాళ్ళూ నా చేతి నీళ్ళు తాగలేదు, పేరంటాల్లో నాకు పసుపు కుంకుమ పెట్టడానికి ఏ చెయ్యీ ముందుకు రాలేదు. మొగుడు పక్కింటి అరుగు మీద కూర్చుని పేకాడుతుండగానే నేను వాకిట్లో నిలబడి వెనక్కు తిరిగి వచ్చేదాన్ని.

ఇప్పుడు జాతరకు ముందే పశువుల డాక్టరు వచ్చి మందకంతా టీకాలు వేసి పోతున్నాడు, ఎవరూ కాదనడం లేదు. మా ఇంటాయన పోయినప్పుడు నిజంగానే గాజులు తీశారు, అప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. పుత్తూరు బస్సులో నలభై యాభై ఏళ్ళవాళ్ళెవరైనా పక్కన కూర్చుంటే మాత్రం వాళ్ళ ముఖంలోకి చూస్తూ ఉండిపోతాను. ఆ రోజు తల్లి ఒళ్ళో ఖాళీ ఆకు కొడుతూ, అన్నం పెట్టకుండా లేపేశారని ఏడ్చిన పిల్లల్లో వీళ్ళూ ఉన్నారేమోనని. ఏ ఊరమ్మా మీది అని వాళ్ళు అడుగుతారు. చెబుతాను. ఆ ఊరి జాతరకు చిన్నప్పుడు ఒకసారి వచ్చామంట, ఆకలితో తిరిగి పోయామంట, మా అమ్మ ఇప్పటికీ తిట్టుకుంటుంది అని ఎవరైనా ఒక్కరు అంటారేమోనని ఎదురుచూస్తాను.