కాలువకు నీళ్లొచ్చేదాకా

డిసెంబరు మొదటి వారంలో మా తమ్ముణ్ణి గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. లివరు పూర్తిగా పోయింది, తీసుకెళ్లి ఏదడిగితే అది పెట్టండి అన్నారు డాక్టర్లు. వాడు ట్రాక్టరు మెకానిక్కు. తాగుబోతు కూడా, దాచి ఎవరిని మోసం చెయ్యను? యాభై నాలుగేళ్లొచ్చినా చర్చి గడప తొక్కలేదు. ఏటా క్రిస్మస్ ఆరాధనకు మాత్రం వచ్చి, గ్రీజు చేతులు కట్టుకుని, బయట వేపచెట్టు కింద నిలబడి పాటలు వినేవాడు. లోపలికి రారా అంటే నవ్వేవాడు. నేను రిటైరైన బడిపంతుల్ని, ఆ చర్చి సంఘానికి పెద్దని. వాడలా బయట నిలబడటం నాకు తలవంపులుగా ఉండేది.

అలాంటివాడు ఇంటికొచ్చిన మర్నాడే మంచం మీద నుంచి నన్ను పిలిచి, బాప్తిస్మం కావాలన్నాడు.

"ఇప్పుడు గుర్తొచ్చాడా దేవుడు?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నోటిదురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

వాడికి కోపం రాలేదు. "పశువుల పాకలో పుట్టినోడు నాబోటోడి కాడికి గాకపోతే ఇంకెవురి కాడికొస్తాడన్నా? రాజుగారింట్లో పుట్టుంటే నాకేంది సంబంధం? పాక గాబట్టి నేనూ పోవచ్చులే అనిపిచ్చింది" అన్నాడు.

అరవై ఏళ్లుగా క్రిస్మస్ చేసుకుంటున్నాను. ఆ పండగ ఎందుకో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. అయినా పైకి ఒప్పుకోలేదు, చూద్దాంలే అని లేచాను.

మా సంఘంలో బాప్తిస్మమంటే మనిషి నిలువునా నీళ్లలో మునగాలి. మా నాన్న కాలం నుంచీ అది సాగర్ కుడి కాలువలోనే. తెల్లబట్టలు, గట్టు మీద పాటలు, సంఘమంతా నిలబడి చూడటం. ఆ ఏడు డ్యాములో నీళ్లు తక్కువై కాలువ కట్టేశారు. అడుగున పగుళ్లు, పిచ్చి తుమ్మ. తాగునీళ్లకని నెలాఖరుకు వదులుతారని కాలువ చూసుకునే లస్కరు చెప్పాడు. ఎంత, మూడు వారాలే కదా అనుకున్నాను.

మా పాస్టరు గారు చిన్న వయసువారు. తమ్ముడి దగ్గర ప్రార్థన చేసి దొడ్లోకి వచ్చి, గేదెలు నీళ్లు తాగే సిమెంటు తొట్టి దగ్గర ఆగారు. "మాస్టారూ, దీన్ని శుభ్రంగా కడిగి నింపుదాం. మనిషి పడుకుంటే మునుగుతాడు. ఇవాళే ఇచ్చేస్తాను" అన్నారు.

"గేదెల తొట్లో బాప్తిస్మమేంది అయ్యగారూ? ఊరంతా నవ్వుద్ది. ఎన్నడూ రానివాడు వస్తున్నాడు, సంఘమంతా చూడొద్దా?" అన్నాను.

ఆయన ఇంకోసారి చెప్పి చూశారు. నేను వినలేదు. నా మాట కాదని మా సంఘంలో ఆయన ఏ పనీ చెయ్యలేరు. అది మా ఇద్దరికీ తెలుసు.

కిటికీలోంచి తమ్ముడు అంతా విన్నాడు. సాయంత్రం గంజి తాగిస్తుంటే, "ఏసయ్యని పండబెట్టింది గూడా పశువుల తొట్లోనే గదన్నా. ఆయనకి సరిపోయింది నాకు సరిపోదంటావా?" అన్నాడు.

"నీకు తెలీదు, ఊరుకో. మర్యాదగా జరిపిస్తా."

"సరే. నువ్వెట్టంటే అట్ట" అన్నాడు.

ఎనభై దాటిన మా అమ్మ రోజూ పొద్దున్నే "నీళ్లొదిలారంటనా?" అని అడిగేది. నేను లస్కరుకు ఫోన్ చేసేవాణ్ణి. వాడు రేపో మాపో అనేవాడు. క్రిస్మస్ నాటికి తమ్ముడికి పొట్ట ఉబ్బి, మంచం మీద కూర్చోవడం కూడా కష్టమైంది. నేను చర్చికి వెళ్లి, రక్షకుడు పశువుల తొట్టిలో పవళించాడని అరగంట ప్రసంగించి, భోజనాలు వడ్డించి ఇంటికొచ్చాను. అప్పటికైనా నాకు బుద్ధి రాలేదు. తొట్టి దొడ్లోనే ఉంది. నిండా నీళ్లున్నాయి, గేదెలు తాగుతున్నాయి.

పండగైన నాలుగోనాడు మధ్యాహ్నం వాడు పోయాడు.

బాప్తిస్మం లేనివాళ్ల శవాన్ని మా చర్చిలోకి తేకూడదు, సమాధుల దొడ్లో సంఘస్తుల వరసలో పెట్టకూడదు. పెద్దగా ఉండి ఆ నియమం ఎన్ని ఇళ్ల మీద రుద్దానో నాకే తెలుసు. ఇప్పుడు నా తమ్ముడికి మాత్రం సడలించమని ఏ మొహం పెట్టుకుని అడగను? పాస్టరు గారు నేను అడుగుతానేమోనని చూశారు. నేను తల దించుకున్నాను. వాణ్ణి ముళ్లకంచె పక్కన మట్టి చేశాం. ఆ తర్వాత వారానికి కాలువకు నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు ముట్టనంది అమ్మ. కుళాయిలో వచ్చేవీ అవే. రెండు రోజులు చూసి, గత్యంతరం లేక తాగింది.

మళ్లీ గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆరోజు మా దగ్గర, ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. రెండోది ఏటా నాది. పక్క సిలువ మీద వేలాడే దొంగకు ఆయన పరదైసులో, అంటే పరలోకంలో, చోటిస్తానన్న మాట అది. ఈసారి వేరేవాళ్లకు ఇవ్వండి అని అడగడానికి కూడా నాకు అహం అడ్డొచ్చింది.

ముందు వరసలో చాప మీద, తెల్లచీరలో అమ్మ కూర్చుని ఉంది. నేను మొదలుపెట్టాను. ఆ దొంగ జన్మలో ఒక్క మంచిపని చెయ్యలేదు, ఏ సంఘంలోనూ లేడు, చచ్చేముందు ఒక్క మాట అడిగాడు, ఏసు అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు, ఆయన ప్రాణం పెట్టింది ఇలాంటివాళ్ల కోసమే అన్నాను.

"ఆ దొంగని ఏ కాలవలో ముంచారురా?" అంది అమ్మ.

చర్చంతా వినబడింది. ఎగతాళికి అడగలేదు ఆమె. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. చిన్నకొడుకు పరలోకంలో ఉన్నాడో లేడో నేను చెబితే నమ్ముదామని నా మొహంలోకే చూస్తోంది. ఉన్నాడమ్మా అంటే, మరి కంచె పక్కన ఎందుకు పెట్టావంటుంది. లేడనడానికి నాకు నోరు రాదు. పుస్తకం మూసి వచ్చి కూర్చున్నాను. పాస్టరు గారు మూడో మాటకు ఇంకొకరిని పిలిచారు.